పెసలకు పుచ్చు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: మార్చిలో నూర్చిన పెసలు 40 కిలోలు తిండికీ విత్తనానికీ కలిపి గోనె సంచిలో ఉంచాం. వేపాకు కూడా వేశాం. జూన్‌లో విప్పితే గింజగింజకూ బొక్క, సంచి నిండా పిండి, పురుగులు. పక్కనే ఉన్న కందిపప్పుకు ఏమీ కాలేదు. సిటీలో మా అమ్మాయి కొన్న బొబ్బర్లకూ ఇదే గొడవ. ఏం చేయాలి?
– మహిళా రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: అమ్మా, ఈ పురుగు మీ ఇంట్లో పుట్టింది కాదు, చేలోనే పెసల వెంట వచ్చేసింది. కాయ ముదిరే దశలో తల్లి పురుగు దాని మీద గుడ్లు పెడుతుంది. నూర్చేసరికి పిల్ల పురుగు గింజ లోపల ఉంటుంది, గింజ మాత్రం పైకి నున్నగానే కనిపిస్తుంది. లోపలున్న దాన్ని వేపాకు ఏమీ చేయలేదు.

గుప్పెడు పెసలు అరచేతిలో పోసుకుని వెలుతురులో చూడండి. పచ్చటి గింజ మీద సున్నపు చుక్కల్లా తెల్లగా అంటుకుని, గోటితో గీరితే గానీ రానివి కనిపిస్తాయి. అవే సంచిలో పైకి వచ్చిన పురుగులు ఈసారి గింజ మీదే పెట్టిన గుడ్లు. పిల్ల పురుగు గుడ్డు అడుగు నుంచే గింజలోకి తొలుచుకుపోయి, లోపలే తిని పెరిగి, గుండ్రంగా మూత కోసినట్టు కోసుకుని పైకి వస్తుంది. మీరు చూసిన బొక్క అది బయటికి వచ్చిన దారి. పైకి వచ్చిన పెంకు పురుగు ఇక గింజ తినదు. బతికే పది పన్నెండు రోజుల్లో పదుల కొద్దీ గుడ్లు పెట్టి చనిపోతుంది. మన దగ్గర వేసవిలో ఇదంతా నెల రోజుల్లో అయిపోతుంది. మార్చి నుంచి జూన్ లోపు ఎన్ని తరాలు పెరిగి ఉంటాయో చూడండి!

పొట్టు తీసి బద్ద చేసిన పప్పు దీనికి అంతగా పట్టదు, గుండు గింజే కావాలి. మీ కందిపప్పు బాగుండటానికి కారణం ఇదే. అందుకే తిండికి ఉంచుకునే పెసల్లో కొంత పప్పు ఆడించుకోమని చెబుతాను.

ఇప్పుడున్న పెసలు విత్తనానికి వద్దు, మొలక సరిగా రాదు. జల్లెడ పట్టి చెరగండి. ఏ రోజు వండుకునేవి ఆ రోజు నీళ్లలో పోసి, తేలిన బోలు గింజలు తీసేయండి. బూజు వాసన వస్తే పశువులకు కూడా పెట్టకండి. ఆ సంచిని మరిగే నీళ్లలో ముంచి ఎండబెట్టాకే మళ్లీ వాడండి.

వచ్చే పంటకు నూర్చిన వెంటనే రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఆరబోయండి. పంటి కింద గింజ టక్కున విరగాలి, నొక్కుకుపోతే ఇంకా తడి ఉన్నట్టే. వేడి గింజలు అలాగే డబ్బాలో పోస్తే మూత లోపల చెమట పట్టి బూజు వస్తుంది. పూర్తిగా చల్లారాక కిలోకు ఒక చిన్న చెంచా, అంటే 5 మి.లీ. వంటనూనె గానీ ఆముదం గానీ బాగా పట్టించండి. పెద్దవాళ్లు కందులకు ఆముదం రాసింది ఊరికే కాదు, నూనె పొర కింద గుడ్డుకు గాలి ఆడదు. తర్వాత గాలి చొరబడని డబ్బాలో అంచు దాకా నింపి మూత బిగించండి. నెలకోసారి తీసి చూడండి.

అమ్మాయిని బొబ్బర్లు కిలో, రెండు కిలోలకు మించి కొనవద్దనండి. ప్యాకెట్ అడుగున పిండి, గింజ మీద తెల్ల చుక్కలు ఉంటే తీసుకోవద్దు. తెచ్చాక వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే లోపలి పురుగు కూడా చస్తుంది. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా ప్యాకెట్ విప్పకూడదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఎవరైనా తెచ్చి ఇచ్చినా ఇంట్లో పెట్టకండి. వాటి నుంచి వచ్చే గ్యాసుకు విరుగుడు మందు లేదు.