హాప్స్ తీగ: మీ ప్రశ్నలు, మా జవాబులు

(హాప్స్ అంటే బీరులో చేదు, వాసన కోసం వేసే పూగుత్తులు కాసే తీగ.)

ప్రశ్న: పొదలకూరు దగ్గర మా నిమ్మతోట పక్కన అరెకరం ఖాళీగా ఉంది. ఆన్‌లైన్‌లో హాప్స్ విత్తనాలు దొరుకుతున్నాయి. షేడ్‌నెట్ కింద వేస్తే పంట వస్తుందా?

జవాబు: తీగ వస్తుంది, పంట రాదు. అందరూ ఎండకు భయపడతారు గాని, అసలు చిక్కు పగటి నిడివిది. హాప్స్ బాగా పండే చల్లని దేశాల్లో వేసవి పగలు 15 గంటలకు పైనే. ఆ వెలుగులో తీగ 18 అడుగుల దాకా పాకి, ఆ తర్వాతే పూతకొస్తుంది. నెల్లూరులో జూన్ నెలలో కూడా పగలు సుమారు 13 గంటలే. దాంతో తీగ ఎదగకముందే నాలుగు పూలు పూసి ఆగిపోతుంది. దానికి షేడ్‌నెట్ చేసేదేం లేదు. బ్రెజిల్‌లో రాత్రిళ్లు దీపాలు వెలిగించి పండిస్తున్నారు. ఆ కరెంటు బిల్లు మీ నిమ్మకాయలు భరిస్తాయేమో ముందు లెక్క చూసుకోండి. మన దేశంలో హాప్స్‌కు పేరున్న చోటు హిమాచల్‌లోని లాహౌల్ లోయ.

విత్తనాల జోలికి మాత్రం పోవద్దు. తాటిచెట్టుకు పోతు, పండు ఉన్నట్టే ఇందులోనూ ఆడ, మగ వేరు. మొలిచింది ఏదో పూసేదాకా తెలియదు. పనికొచ్చేది ఆడ పూగుత్తే. దాని రేకుల మొదట్లో ఉండే పసుప్పచ్చ పొడిని లుపులిన్ అంటారు. చేదు, వాసన, మందుగుణం అన్నీ ప్రధానంగా ఆ పొడివే. అందుకే తోటల్లో ఆడ మొక్క దుంపవేరు ముక్కలు నాటుతారు.

ప్రశ్న: ఎండు హాప్స్ తెప్పించి అరగంట మరిగించి నిమ్మ షర్బత్ చేశాం. నోట పెట్టలేనంత చేదు. పైగా పొట్లం విప్పితే చెమట మేజోళ్ల కంపు. (ఒంగోలు)

జవాబు: రెండు తప్పులు, రెండూ వేడితోనే. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు. మరిగేకొద్దీ రూపు మారి, కరిగి, చేదెక్కుతాయి. బీరు కాచేవాళ్లు చేదు కోసం గంటసేపు మరిగించేది, వాసన కోసం చివరి ఐదు నిమిషాల్లో మరికాస్త వేసేది ఇందుకే. (లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం నేరం. ఈ కిటుకు షర్బత్‌కే వాడుకోండి.) లీటరు నీళ్లు మరిగించి దించండి. 75 డిగ్రీలకు చల్లారాక ముందు ఒక నిమ్మచెక్క పిండండి. పులుపు ఉంటే చేదు తక్కువ దిగుతుంది. అప్పుడు 2 గ్రాముల హాప్స్ వేసి, 15 నిమిషాలకు వడగట్టి, ఫ్రిజ్‌లో పెట్టండి.

ఆ కంపు పాతబడిన సరుకుది. ఒంగోలు ఎండలకు వంటింటి అల్మరాలో పెట్టిన హాప్స్ త్వరగా పాడవుతాయి. గాలి తగలని కవరులో, డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి. రుద్దితే పొడి పసుపుగా, జిగటగా ఉండాలి. నారింజ, గోధుమ రంగుకు తిరిగితే పారేయండి. ఆ పారేసేది కుక్కలకు అందనివ్వకండి. హాప్స్ తిన్న కుక్కకు ఒంటి వేడి విపరీతంగా పెరిగి ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న: దీని కషాయంతో నిద్ర పడుతుందంటారు, నిజమేనా? (కావలి)

జవాబు: యూరప్‌లో చాలాకాలంగా వాడుకలో ఉంది. గట్టి రుజువులు మాత్రం తక్కువ. అర గ్రాము పూలమీద 150 మి.లీ. మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి, పది నిమిషాలకు వడగట్టి, పడుకునే అరగంట ముందు తాగుతారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, నిద్రమాత్రలు వాడేవారు, మద్యం తాగినవారు వద్దు. ఇందులో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనులా పనిచేసే పదార్థం ఉంది కనుక రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

ప్రశ్న: కనిగిరి వైపు గుట్టల మీద బందారు పొదను ఇంగ్లీషులో హాప్ బుష్ అంటారట. రెండూ ఒకటేనా?

జవాబు: కాదు. ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ తెల్లవాళ్లు హాప్స్ దొరక్క దీని రెక్కల కాయలు బీరులో వేసుకున్నారు, పేరు అలా అంటింది. చుట్టరికం లేదు, లుపులిన్ అంతకన్నా లేదు. షర్బత్‌లో వేయకండి.