బావమరిది షాపు కొటేషన్ వేస్తే ప్రాజెక్ట్ మేనేజర్ ఏం చేయాలి?

బంధువుల షాపు కొటేషన్ వేయడం తప్పు కాదు. ఆ చుట్టరికం దాచి ఎంపికలో కూర్చోవడమే తప్పు. ప్రాజెక్ట్ మేనేజర్ల అంతర్జాతీయ సంస్థ పీఎంఐ నియమావళి దీన్ని నిష్పాక్షికత కింద పెట్టింది. అడగకముందే సంబంధిత వాళ్లకు పూర్తిగా చెప్పాలి. పక్షపాతం రాకుండా తీసుకునే జాగ్రత్తలకు ఆమోదం వచ్చి, వాళ్లు సరేనంటేనే నిర్ణయంలో పాల్గొనాలి. ఇది సలహా కాదు, తప్పనిసరి.

ఎందుకంటే మేనేజర్ ఖర్చుపెట్టేది తన డబ్బు కాదు. పైగా మిగతా సప్లయర్ల రేట్లు ఆయనకు తెలుస్తాయి. రేపు సరుకు నాసిగా వస్తే వెనక్కి పంపాల్సిందీ ఆయనే. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఒక అపార్ట్‌మెంట్‌కు టైల్స్ కొనాలనుకుందాం. కొటేషన్లు తెరవకముందే మేనేజర్ మెయిల్‌లో విషయం చెప్పేస్తే, పోల్చే పని ఇంకొకరికి అప్పగించవచ్చు. అప్పుడు ఆర్డర్ బావమరిదికే వచ్చినా వేలెత్తి చూపే అవకాశం ఉండదు.

"తక్కువ రేటుకే ఇచ్చాం కదా, చెప్పేదేముంది?" అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. చుట్టరికం దాచినప్పుడు, ఆ రేటు మిగతావాళ్ల కొటేషన్లు చూశాక తగ్గించింది కాదని నిరూపించే దారే ఉండదు.