వెంపలి ఏది, నూగు వెంపలి ఏది, నీలి ఏది?

ప్రశ్న: మాది కదిరి ప్రాంతం. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోటలో వరుసల మధ్య పచ్చిరొట్టగా వెంపలి వేద్దామని నిరుడు బంజరులోనూ బాట పక్కనా ఎండిన కాయలు దూసుకొచ్చి, తొలకరికి విత్తనం చల్లాను. మొలిచినవన్నీ ఒకేలా లేవు. కొన్ని నున్నగా ఉన్నాయి, కొన్నింటికి ఒళ్లంతా తెల్లటి నూగు ఉంది, కొన్నింటి పూలు ఎర్రగా ఉన్నాయి. మా ఊళ్లో అన్నింటినీ వెంపలి అనే అంటారు. వీటిని వేరుగా గుర్తుపట్టడం ఎలా? గొర్రెలు తింటే ప్రమాదమా? వచ్చే ఏడాదికి విత్తనం ఎలా ఏరుకోవాలి?
– ఒక రైతు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: మీరు దూసుకొచ్చిన కాయల్లో కనీసం మూడు రకాల మొక్కలవి కలిసిపోయాయని మీ వివరణను బట్టి తెలుస్తోంది. అవి వెంపలి, నూగు వెంపలి, నీలి. మొదటి రెండూ టెఫ్రోసియా అనే ప్రజాతికి, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపుకు, చెందినవి, నీలి ఇండిగోఫెరా ప్రజాతికి చెందినది. అన్నీ చిక్కుడు కుటుంబంలోవే కాబట్టి అన్నింటి వేళ్లకూ నత్రజనిని పట్టి ఉంచే బుడిపెలు ఉంటాయి, అన్నింటి ఆకులూ ఈనెకు ఇరువైపులా చిన్న పత్రకాలు పేర్చినట్టే ఉంటాయి. అందువల్ల గట్టు మీద నిలబడి చూస్తే పొరబడటం సహజం. పచ్చిరొట్ట వరకు చూసుకుంటే ఈ కలగాపులగం వల్ల మీకు పెద్ద నష్టం లేదు. మేతకూ విత్తనానికీ మాత్రం తేడా తెలిసి ఉండాలి.

పూల రంగు చూసి తేల్చబోకండి. వెంపలి పూలు ఊదా రంగులో పూసి, వాడేకొద్దీ పాలిపోతాయి. ఎత్తును కూడా నమ్మడానికి లేదు. మంచి వానలు పడిన ఏడాది నడుము దాకా పెరిగే వెంపలి, వాన ముఖం చాటేసిన ఏడాది గులకరాళ్ల చెలకలో జానెడు ఎత్తుకే పూతకు వస్తుంది. మనుషులు వెంపలి చెట్టుకు నిచ్చెన వేసే రోజులు వస్తాయని పెద్దలు అనే మాట కూడా ఈ మొక్క పొట్టితనాన్ని చూసి పుట్టినదే.

ముందుగా ఒక ముదురు పత్రకాన్ని తీసుకొని, దాని మొదలును ఒక చేత్తో, కొసను మరో చేత్తో పట్టుకొని మెల్లగా లాగండి. అది అడ్డంగా గానీ గజిబిజిగా గానీ చిరగకుండా, నడి ఈనె దగ్గర కోణం ఏర్పడేలా, బాణం ఈకను కత్తిరించినట్టు రెండు పక్కలా ఏటవాలుగా తెగితే అది టెఫ్రోసియా. ఈ ప్రజాతి పత్రకాల్లో పక్క ఈనెలు ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా, దగ్గరదగ్గరగా అంచు వరకు సాగుతాయి కాబట్టి చిరుగు ఆ ఈనెల దారినే పడుతుంది. వెంపలికి సంస్కృతంలో ఉన్న శరపుంఖం అనే పేరుకు బాణపు ఈక అని అర్థం. ఆ పేరు పెట్టినవారు ఈ చిరుగును చూసే పెట్టి ఉంటారని నా నమ్మకం. నీలి పత్రకం ఇలా తెగదు, ఎక్కడ పడితే అక్కడ చిరుగుతుంది. అయితే ఈ పరీక్షలో నూగు వెంపలి కూడా వెంపలి లాగానే తెగుతుంది కాబట్టి, దీనితో తేలేది ప్రజాతి మాత్రమేనని గుర్తుంచుకోండి.

పూత మీద ఉన్నప్పుడు మరో గుర్తు దొరుకుతుంది. వెంపలిలో పూగుత్తి సాధారణంగా కణుపు దగ్గర ఆకుకు ఎదురు పక్క నుంచి బయలుదేరుతుంది. నీలిలో అది ఆకు పంగలోంచే పుడుతుంది. భూతద్దం ఉంటే నీలి ఆకు అడుగున ఉండే నూగును కూడా చూడండి. ఒక్కొక్క వెంట్రుక నడిమికి అతుక్కొని, రెండు కొసలూ చెరొక వైపుకు ఆకును అంటిపెట్టుకొని పడుకొని ఉంటుంది. భూతద్దం లేకపోతే నాలుగు రెమ్మలను నీడన ఆరబెట్టండి. వెంపలి ఆకు ఆరాక కూడా బూడిద పచ్చగానే ఉంటుంది, నీలి ఆకు నలుపు కలిసిన నీలంగా మారుతుంది. టెఫ్రోసియా అనే పేరు కూడా బూడిద రంగును తెలిపే గ్రీకు మాట నుంచి వచ్చినదే. మీ వైపు గట్ల మీద నీలి కనిపించడంలో వింత లేదు. కడప, కర్నూలు, నెల్లూరు ప్రాంతాల్లో ఒకప్పుడు నీలిమందు కోసం దీన్ని పంటగా పండించారు. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి రంగు సంతకు వచ్చాక ఆ సాగు క్రమంగా అడుగంటింది.

వెంపలినీ నూగు వెంపలినీ వేరుచేయడానికి కాయను చూడటం తప్ప నమ్మకమైన దారి లేదు. వెంపలి కాయ మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల పొడవున, బల్లపరుపుగా, దాదాపు తిన్నగా ఉండి కొస మాత్రం కొద్దిగా పైకి వంగుతుంది. దాని మీది నూగు పలుచన, వేలితో తడిమితే నున్నగానే అనిపిస్తుంది. నూగు వెంపలి కాయ అంతకంటే పొట్టిగా, కొడవలిలా బాగా వంగి, తెల్లటి దట్టమైన నూగుతో మెత్తగా ఉంటుంది.

మీరు జాగ్రత్తపడవలసిన పోలిక మరొకటి ఉంది. ఇండిగోఫెరా హిర్సూటా అనే నీలి జాతికి కూడా ఒళ్లంతా నూగే ఉంటుంది, దూరం నుంచి అది నూగు వెంపలిలాగే కనిపిస్తుంది. కానీ దాని నూగు గోధుమ రంగులో ఉంటుంది, ఆకుకు పత్రకాలు ఐదు నుంచి తొమ్మిది వరకే ఉంటాయి, పొట్టి కాయలు గుత్తిగా కిందికి వేలాడతాయి. నూగు వెంపలి ఆకులో సాధారణంగా పదకొండుకు తగ్గకుండా పత్రకాలు ఉంటాయి. మీరు చెప్పిన ఎర్ర పూల మొక్కలు ఈ జాతివి కావచ్చు, మామూలు నీలివీ కావచ్చు. మామూలు నీలి అయితే కాయలు సన్నగా, పుల్లల్లా గుండ్రంగా ఉంటాయి.

ఇక గొర్రెల విషయం. వెంపలిలో రోటినోన్ (పురుగులకూ చేపలకూ విషమైన పదార్థం) తరహా పదార్థాలు ఉన్నాయి. వేరే మేత ఉన్నంతవరకు పశువులు దాన్ని అంతగా ముట్టవు. కంచె లేని పొలాల్లో అది పచ్చిరొట్టగా నిలదొక్కుకోవడానికి ఇదే కారణం. మీరు చూడవలసినది నీలి జాతులను. ఇండిగోఫెరా లినై అనే చిన్న మొక్క మన చెలకల్లో కూడా నేలకు అంటుకొని పాకుతూ కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో దాన్ని ఎక్కువ రోజులు మేసిన గుర్రాలకు కాళ్లు ఈడ్చుకుంటూ నడిచే బర్డ్స్‌విల్ జబ్బు వస్తుంది. అందులో ఉండే ఇండోస్పిసిన్ అనే పదార్థం మాంసంలో కూడా నిలిచి ఉంటుంది. 2021లో ఆ దేశంలోని విక్టోరియా రాష్ట్రంలో అలాంటి గుర్రపు మాంసం తిన్న కుక్కలు కాలేయం దెబ్బతిని చనిపోయాయి. గొర్రెల్లో గుర్రాలకు వచ్చినంత తీవ్రమైన జబ్బు కనిపించదు. అయినా ఆకలితో ఉన్న మందను, ముఖ్యంగా చూడి గొర్రెలను, నీలి జాతులు తప్ప మరో పచ్చిక లేని చోట రోజుల తరబడి నిలపకండి. రకరకాల గడ్డి ఉన్న చోట మేస్తూ నాలుగు నోళ్లు తిన్నంత మాత్రాన బెంగపడనక్కర్లేదు.

ఈ ఏడాదికి మొలిచిన వాటిని పీకేయవద్దు. పూత దశలో, కాండం ఇంకా ముదరక ముందే, నేలలో పదును ఉండగా అన్నింటినీ కలిపి దున్నేయండి. వెంపలి ఎండు పదార్థంలో నత్రజని సుమారు రెండున్నర నుంచి మూడున్నర శాతం వరకు ఉంటుంది. జనుము, జీలుగలతో పోలిస్తే ఇది నిదానంగా పెరుగుతుంది. అయితే ఆ రెండూ తట్టుకోలేని ఎండను తన లోతైన తల్లివేరుతో తట్టుకుంటుంది. ఆ తల్లివేరు ముదిరితే మాత్రం మొక్కను పీకడం తలనొప్పి అవుతుంది. అందుకే చీనీ పాదుల్లోకి వచ్చిన మొక్కలను లేతగా ఉన్నప్పుడే తీసేయండి.

విత్తనం కోసం తోట అంచున పది, పదిహేను మొక్కలను దున్నకుండా వదిలి, పత్రకం పరీక్షలో నెగ్గి నున్నటి కాయలు కాసిన వాటికి మాత్రమే రంగు గుడ్డపీలిక కట్టండి. మిగిలినవాటిని కాయ ముదరక ముందే పీకేయండి. ఎండిన కాయ ఎండ ఎక్కగానే మెలితిరిగి పేలి గింజను చిమ్ముతుంది, కాబట్టి మంచు తడి ఉండగానే తెల్లవారుజామున కోసుకోవాలి. నూర్చాక ఒక గుప్పెడు గింజలను తెల్లకాగితం మీద పోసి చూడండి. వెంపలి గింజ చిక్కుడు గింజ ఆకారంలో, మచ్చలతో ఉంటుంది. నీలి గింజ అంతకంటే చిన్నగా, పలకలు తేలి, చదరపు ముక్కలా ఉంటుంది. వెంపలి గింజ పైపొర గట్టిది, నీటిని సులువుగా లోపలికి పోనివ్వదు. అందువల్ల విత్తే ముందు గరుకు ఇసుక కలిపి, పొర గీరుకుపోయేలా రుద్దండి. ఎకరాకు ఆరు నుంచి ఎనిమిది కిలోలు సరిపోతాయి. రుద్దని గింజల్లో చాలా భాగం ఆ ఏడాది మొలవకుండా నేలలోనే ఉండి, తర్వాతి వానలకు మొలుస్తాయి కాబట్టి, ఈ తొలకరికి మీరు చల్లినవాటిలో కొన్ని వచ్చే తొలకరికి కూడా కనిపిస్తాయి.