గనుల్లో పేల్చే మందుకి సేఫ్టీ టెస్ట్ అన్ని దేశాల్లో ఒకటేనా?

మహారాష్ట్రలో రాజురా పక్కన ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ మోత వినే మాలాంటోళ్లకి ఈ డౌటు ఎప్పుడూ ఉండేదే. రవాణా వరకూ అయితే చాలావరకు ఒకటే అండీ. ఐక్యరాజ్యసమితి వాళ్ల టెస్టుల మాన్యువల్ ఒకటుంది, దాంట్లో మందు మీద బరువు పడేసి చూడటం, రాపిడి పెట్టి చూడటం, 75 డిగ్రీల వేడిలో 48 గంటలు ఉంచటం, ప్యాకింగ్‌తో సహా మంటలో పెట్టటం ఇలా వరసగా ఉంటాయి, బరువు పడేసే మిషన్ జర్మనీ వాళ్ల బామ్ సంస్థ డిజైను, 2 జౌళ్ల (దెబ్బ శక్తికి కొలత) దెబ్బకే పేలితే ఆ రూపంలో రవాణాకి పనికిరాదు. పాసైనవాటికి ఎలాంటి ప్రమాదమో చెప్పే 1.1 నుంచి 1.6 దాకా క్లాసు ఇస్తారు, లారీ మీద ఆరెంజ్ బోర్డులో కనపడేది అదే.

అసలు తలనొప్పి ఎక్కడంటే, మిషన్ ఒకటే అయినా ల్యాబుని బట్టి, గాల్లో తేమని బట్టి రిజల్టు మారిపోద్ది. అందుకే ఒకే శాంపిల్‌ని వేరే వేరే దేశాల ల్యాబుల్లో టెస్ట్ చేయించి పోల్చుకుంటారు, ఎక్స్‌టెస్ట్ అనే గ్రూపు పని ఇదే. మన దేశంలో పేలుడు మందుల లైసెన్సులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో హెడ్డాఫీసు నాగపూర్‌లోనే, మనకి దగ్గరే. కానీ అండర్‌గ్రౌండ్ బొగ్గు గనిలో మందు పేల్చినప్పుడు గ్యాస్ అంటుకుంటుందా లేదా అని చూసే టెస్టులు మాత్రం ఇప్పటికీ ఎవరి దేశం రూల్ వాళ్లదే.