యూదుల ఒక్కపొద్దుల పాలు, పండ్లు నడుస్తయా? ముసలోళ్లు ఏం చేస్తరు?

యూదుల ఉపవాసం మన ఒక్కపొద్దు లెక్కనేనా, పాలు పండ్లు తీసుకోవచ్చా, షుగరు బీపీ ఉన్నోళ్ల సంగతేంది అని అడిగిన్రు కదా. మాది జగిత్యాల దిక్కు, ఆరేండ్ల సంది ఇజ్రాయెల్‌ల బ్నెయ్ బ్రాక్‌ల కేర్‌గివర్ పని చేస్తున్న, ఒక ముసలామెను చూసుకుంట, సవ్తా అని పిలుస్త, అంటే అమ్మమ్మ. ఆ ఇంట్ల చూసిందే చెప్త.

పాలు పండ్లు కాదు, మంచినీళ్లు గూడ బంద్. యోమ్ కిప్పూర్ (పాపాలకు క్షమాపణ అడిగే పెద్ద దినం) అయితే పొద్దుగూకే ముందు మొదలువెట్టి తెల్లారి చుక్కలు పొడిచేదాక, దగ్గరదగ్గర 25 గంటలు. స్నానం లేదు, నూనె రాసుకోవద్దు, ఆలుమగలు దూరం ఉండాలె, తోలు చెప్పులు వేసుకోవద్దు. అందుకే మంచి సూటు బూటు మనుషులు ఆ రోజు కాళ్లకు క్రాక్స్ అనే రబ్బరు చెప్పులు తొడుక్కొని ప్రార్థనకు పోతరు, మొదటిసారి చూసి నవ్వు ఆపుకోలేకపోయిన. తెల్ అవీవ్ దిక్కయితే కార్లు తిరగయ్, హైవే మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతరు.

ఇంకో పెద్దది తిషా బె ఆవ్, ఎండకాలంల వస్తది, జెరూసలేం గుడి కూలిన దుఃఖం. దీనికి గూడ ఇట్లనే పూర్తి రోజు. నేను వచ్చిన ఏడాది సవ్తా పొద్దుగూకే యాల్లకు పొట్టి స్టూలు మీద కూసొని ఉడకవెట్టిన గుడ్డు బూడిదల అద్దుకొని తింటుంటే గుండె జల్లుమన్నది, ఎవరన్న పోయిన్రా అని అడిగిన. 70ల గుడి కాలవెట్టిన్రు అన్నది, నేనేమో 1970 అనుకున్న, ఆమె చెప్పింది క్రీ.శ. 70 సంగతి!

మిగిలిన చిన్న ఉపవాసాలు తెల్లారంగ మొదలై చీకటి పడంగ అయిపోతయ్, స్నానం చేసుకోవచ్చు, ఒంట్ల బాగలేనోళ్లు ఒక్కపొద్దు ఉండనే ఉండరు. శనివారం పడితే ఆదివారానికి జరుపుతరు (ఎస్తేర్ ఉపవాసం మాత్రం ముందు గురువారానికే), యోమ్ కిప్పూర్ ఒక్కటే శనివారం గూడ ఆగదు.

ఇగ అసలు సంగతి. సవ్తాకు కిడ్నీల సమస్య, నీళ్లు లేకుంటే ప్రాణం మీదికొస్తది. ప్రాణానికి ముప్పుంటే తాగాల్సిందే, అది సడలింపు కాదు, ధర్మమే అని వాళ్ల రబ్బీ (యూదుల మతగురువు) డాక్టర్‌తోటి మాట్లాడినంక ఖరాఖండిగ చెప్పిండు. మొదటేడు ఆమె మొఖం తిప్పుకున్నది, కూతురు ఏడ్సింది. ఆఖరికి కొలతల లెక్క తాగుతనని ఒప్పుకున్నది.

ఆ కొలత చూడాలె. ముందురోజు నోట్లె నీళ్లు పోసి ఒక్క బుగ్గ పుక్కిట పట్టమని, అవి గలాసల ఉమ్మిపిచ్చి, దానికి కొంచెం తక్కువల పెన్నుతోటి గీత గీస్తం. ఎవరి పుక్కిలి వాళ్లదే, మామూలు మనిషికి 40 మిల్లీలీటర్ల దాక వస్తది. తెల్లారి ఆ గీత దాకనే పోసి ఒకసారి తాగిపిస్త, మళ్ల 9 నిమిషాలు ఆగాలె. తినుడు గూడ అంతే, అగ్గిపెట్టె కన్న చిన్న బ్రెడ్డు ముక్క, మళ్ల గడియారం. దినమంత గోడ మీద ముల్లు చూసి చూసి నా మెడ పట్టేసింది. కానీ ప్రతిదానికి రబ్బీని, డాక్టర్‌ను ముందే అడగాలె, నా కొలత చూసి మీ ఇంట్ల చెయ్యకున్రి.

చాయ్ అలవాటున్నోళ్లు మాత్రం వారం ముందు నుంచే తగ్గించుకోవాలె, లేకుంటే మధ్యాహ్నానికి తల పగిలిపోతది, సవ్తా కొడుకు పరిస్థితి ఏటేట అంతే.

మీ పక్కింట్ల యూదులుంటే ముందురోజు "త్సోమ్ కల్" అనున్రి, ఉపవాసం తేలికగ గడవాలె అని. మొన్న మళ్ల కొలిస్తే సవ్తా గీత కిందికి దిగింది, కట్టుడు పండ్ల సెట్టు మార్చిన్రు కదా.