ఏం కనబడిందో అడుగు

బిడ్డా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే నెల మీ క్లబ్బు వాళ్ళంతా కలిసి జనానికి ఆకాశం చూపించబోతున్నారని, ఏర్పాట్లన్నీ నీకే అప్పగించారని చెప్పింది. దాని గొంతులో సగం సంబరం, సగం టెన్షన్. నా పరిస్థితీ అంతే. ఆ రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. నీకు చెప్పాల్సినవి ఒకదాని వెంట ఒకటి గుర్తొస్తూనే ఉన్నాయి. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అంటూ సగం వినవు. అందుకే రాస్తున్నాను.

ముందు తేదీ సంగతి. అమావాస్య ముందు శనివారం పెట్టావట. ఆకాశం చీకటిగా ఉంటుందని అనుకున్నావు. అది నీకూ, మీ క్లబ్బు వాళ్ళకూ మంచి రోజు, జనానికి కాదు. మొదటిసారి టెలిస్కోపులో చూసేవాళ్ళకు చంద్రుణ్ణి మించింది లేదు. శుక్లపక్షంలో సప్తమో అష్టమో చూసి పెట్టు. పౌర్ణమి వద్దు. ఆ రోజు చంద్రుడి మీద వెలుగు తిన్నగా పడి గుంటలూ కొండలూ ఏవీ తేలవు. సగం చంద్రుడు ఉన్నప్పుడైతే వెలుగూ చీకటీ కలిసే గీత వెంట గుంటల అంచుల నీడలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు కనబడతాయి. కంట్లో శుక్లాలున్న ముసలివాళ్ళకు కూడా ఎంతో కొంత కనబడేది చంద్రుడే. ఆ తర్వాత గురుడు, పక్కనే వరుసగా చుక్కల్లా ఆయన నాలుగు పెద్ద చంద్రులు. ఓరియన్ నెబ్యులా, అదే ఆకాశంలో ఉండే ఆ వాయువు, ధూళి మేఘం, చూపిస్తే చూపించు, కానీ పోస్టర్ మీద ఆ రంగురంగుల ఫోటో వెయ్యకు. ఐపీస్‌లో, అదే కన్ను పెట్టి చూసే అద్దంలో, కనబడేది బూడిదరంగు మసక. ఫోటో చూసి వచ్చినవాడు "ఇంతేనా" అని పోతాడు. ఇది సుమారు 1,300 ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగు, అప్పటికి మన వేయిస్తంభాల గుడి కూడా కట్టలేదు అని ముందే చెప్పు. అప్పుడు ఆ మసకనే కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు.

చోటు కూడా నాకు నచ్చలేదు. వికారాబాద్ అవతల ఎవరిదో తోట అన్నారు. అక్కడికి కార్లున్నవాళ్ళు వస్తారు. కూరగాయలమ్మే ఆమె వస్తుందా? ఆటో నడిపే అతను వస్తాడా? చంద్రుడికీ గురుడికీ అంత చీకటి అక్కర్లేదు, బస్టాండ్ పక్క ఖాళీ జాగా చాలు. జాన్ డాబ్సన్ పేరు నీకు తెలిసే ఉంటుంది, మీ క్లబ్బులో వాడే పెట్టెలాంటి స్టాండ్ ఆయన పేరుతోనే ఉంది. ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో, మన రామకృష్ణ సంప్రదాయంలోని వేదాంత సొసైటీ మఠంలో 23 ఏళ్ళు సన్యాసిగా ఉన్న మనిషి. బయటికి వచ్చాక పేవ్‌మెంట్ల మీద టెలిస్కోపు పెట్టుకుని, దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చంద్రుణ్ణి చూపించాడు. మీరూ అలాగే జనం ఉన్న చోటికి పోండి. తోటకు ఇంకోసారి మీరు మీరు పోదురు గాని.

స్టూలు ఒకటి పిల్లలకు, కుర్చీ ఒకటి పెద్దవాళ్ళకు ఉంచు. టార్చీలకు ఎర్ర కాగితం చుట్టు. ఎవరైనా ఫోన్ లైటు వేస్తే మళ్ళీ కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుందని మైకులో చెప్పించు. స్టాండ్ కాళ్ళకు తెల్ల రిబ్బన్ కట్టు, చీకట్లో తట్టుకుని పడతారు. చుక్కలను గురిపెట్టి చూపించే లేజర్ లైటు నీ చేతిలోనే ఉండాలి, కాలేజీ కుర్రాళ్ళ చేతికి ఇవ్వకు. మనిషికి అర నిమిషం చొప్పున వేసుకున్నా వందమందికి యాభై నిమిషాలు, కాబట్టి ఒక్క టెలిస్కోపుతో సరిపోదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మాత్రం ఆ ఫోన్ పక్కన పెట్టి చదువు.

2002 డిసెంబరులో మా బడి మైదానంలో శనిని చూపించాం. ఆ సంవత్సరం శని వలయాలు మనవైపు బాగా వాలి, విప్పారి ఉన్నాయి. మృగశిరకు కాస్త పైగా ఉండేవాడు శని, ఎనిమిదయ్యేసరికి తూర్పున చక్కగా పైకొచ్చేవాడు. మాతో పనిచేసే ఒక మాస్టారు, అద్దం తనే అరగదీసి చేసుకున్న ఆరంగుళాల టెలిస్కోపు తెచ్చారు. మోటారు లేదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. ఊళ్ళో చాటింపు వేయించాం. జనం గేటు దాకా బారులు తీరారు. మాస్టారు శనిని నడిమధ్యకు పట్టి, మధ్యమధ్య సరిచేస్తూ ముందున్న కొందరికి చూపించారు. "ఉంగరం, ఉంగరం" అని వాళ్ళు అరిచిన అరుపులకు వెనకవాళ్ళు తోసుకున్నారు. అంతలో ఎవరో పెద్దమనిషి వచ్చి ఏలినాటి శని గురించి అడిగితే మాస్టారు అటు తిరిగి మాటల్లో పడ్డారు. వరుస మాత్రం ఆగలేదు. ఒక్కొక్కరే వంగుతున్నారు, కన్ను పెడుతున్నారు, లేస్తున్నారు. "కనబడ్డదా?" అంటే "కనబడ్డది" అని పోతున్నారు. అందరి ముఖంలోనూ తృప్తే. ఎంత బాగా జరిగిందో అనుకుంటూ ఇంటికి పోయాం.

మర్నాడు పొద్దున పాలు పోసే అవ్వ వచ్చింది. చీర కొంగు తలమీదుగా కప్పుకుని, చెంబు కింద పెట్టి, "చూసిన టీచరమ్మా. శనిదేవుడు నల్లగనే ఉంటడు గద, గట్లనే కనబడ్డడు. దండం పెట్టుకున్న" అంది.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు ఝల్లుమంది. ఆమె చూసింది ఖాళీ ఆకాశం. బడికి పోయి పిల్లలను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడిగాను. ముందు బుకాయించారు. తిట్టనని మాట ఇచ్చాక, ఏమీ కనబడలేదని, అందరూ కనబడ్డది అంటుంటే తామూ అట్లే అన్నామని చెప్పారు.

లెక్క చూడు. ఆకాశం గంటకు 15 డిగ్రీలు, అంటే నిమిషానికి పావు డిగ్రీ జరుగుతుంది. వంద రెట్లు చేసి చూపే ఐపీస్‌లో పట్టే ఆకాశం సుమారు అర డిగ్రీ. మధ్యలో పెట్టిన శని ఒక్క నిమిషంలో అంచు దాటిపోతాడు. ఇద్దరు చూసేసరికి మళ్ళీ సరిచెయ్యాలి. మాస్టారు మాటల్లో ఉన్నంతసేపూ మా ఊరి జనం చీకటికే దండం పెట్టుకున్నారు. ఆయనకు చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. మళ్ళీ పెడదాం, ఆ అవ్వను ముందు నిలబెడదాం అన్నారు. సంక్రాంతి తర్వాత ఆయనకు బదిలీ అయింది, టెలిస్కోపూ ఆయనతోనే పోయింది. అవ్వ కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఆమెకు ఆ ఉంగరం చూపించలేకపోయామన్న బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

అందుకని "కనబడిందా?" అని ఎవరినీ అడగకు. మన జనం మర్యాదస్తులు. ఎండలో, చలిలో నిలబడి చూపిస్తున్న మనిషిని నొప్పించలేక అవునంటారు. తమకొక్కరికే కనబడటం లేదేమో, చదువు రానందుకేమో అని కూడా అనుకుంటారు. "ఏం కనబడింది?" అని అడుగు. "చుట్టూ పట్టీ ఉంది" అనో "నాలుగు చుక్కలున్నయి" అనో చెబితే చూసినట్టు. ఊరికే "బాగుంది" అంటే మళ్ళీ నిలబెట్టు. కొందరు తెరవాల్సిన కన్ను మూసుకుంటారు, కొందరు రెప్ప ఐపీస్‌కు ఆనించేస్తారు, కొందరు గొట్టం పట్టుకుని కదిలించేస్తారు. ఓపిగ్గా చెప్పాలి. ఒక్కో టెలిస్కోపు దగ్గర ఇద్దరుండాలి. ఒకరు గొట్టం దగ్గర, వాళ్ళు ఉపన్యాసం చెప్పకూడదు. ఇంకొకరు వరుస వెంట తిరుగుతూ మాట్లాడాలి. నువ్వు మాటకారివి, వరుస దగ్గర ఉండు. గొట్టం దగ్గర మాటలు తక్కువ మనిషిని పెట్టు.

ఇంకో మాట. మర్నాడు పొద్దున సూర్యుడి మచ్చలు కూడా చూపిస్తామని పోస్టర్‌లో రాశారని విన్నాను. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. సూర్యుడి వెలుగు తగ్గించే ఫిల్టర్ గొట్టం ముందు మూతికే బిగించాలి, గాలికి ఊడకుండా టేపు వెయ్యాలి. ఐపీస్ దగ్గర తిప్పి పెట్టే ఫిల్టర్లుంటాయి, అవి వేడికి పగులుతాయి, అలాంటిది ఉంటే పారెయ్యి. గురి చూసుకోవడానికి గొట్టం పక్కన ఉండే చిన్న టెలిస్కోపు, అదే ఫైండర్, దానికి మూత పెట్టడం కాదు, దాన్ని ఊడదీసి సంచిలో వేసుకో. టీ తాగడానికి కూడా టెలిస్కోపును వదిలి పోకు. ఒక్క పిల్లవాడు, ఒక్క క్షణం చాలు. ఇవన్నీ కుదరవనుకుంటే పొద్దున కార్యక్రమం మానెయ్యి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంతగా భయపెడుతున్నానని సూర్యుడి జోలికే పోవద్దంటున్నానని అనుకోకు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన నల్లగొండ మీదుగానే పోయింది. మనకు అట్టే దూరం లేని రంగాపూర్ అబ్జర్వేటరీకి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో దాన్ని చూడటానికి వచ్చారు. మా నాన్న నన్నూ మీ అమ్మనూ లోపలి గదిలో పెట్టి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. తలుపు కింద నుంచి నేల మీద పడే వెలుగు గీత సన్నబడి, ఆరిపోయి, మళ్ళీ వెలిగింది. సంపూర్ణ గ్రహణం నేను చూసింది అంతే. నాన్నకు మా కళ్ళంటే ప్రాణం, ఆయనను తప్పు పట్టను. జాగ్రత్తగా చూసే దారి ఉందని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు, నువ్విప్పుడు చెయ్యాల్సింది ఆ పనే. మన దేశంలో మళ్ళీ సంపూర్ణం 2034 మార్చి 20న, కశ్మీర్ వైపు. నువ్వు తప్పకుండా పో.

ఇలాంటి చోట రాశుల గురించి అడుగుతారు, గ్రహదోషాల గురించి అడుగుతారు. నవ్వకు, వాదన పెట్టుకోకు. వాళ్ళకు తెలిసిన వాటితోనే మొదలుపెట్టు. కృత్తికను పల్లెల్లో పిల్లలకోడి అంటారు, ముసలివాళ్ళను అడిగితే నీకంటే ముందు వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు. పెళ్ళిలో పురోహితుడు చూపించిన అరుంధతిని నిజంగా చూసిన జంటలు ఎన్ని ఉంటాయి? సప్తర్షులు పైకొచ్చేదాకా ఎవరైనా ఉంటే వశిష్ఠుడి పక్కన ఆమెను చూపించు. ఆడవాళ్ళు వంట పనితో ఆలస్యంగా వస్తారు. వాళ్ళు వచ్చేవేళకు సామాను సర్దెయ్యకండి.

ఇక నీ సంగతి. అర్ధరాత్రి స్కూటీ మీద ఒంటరిగా ఇంటికొస్తానన్నావట, మీ అమ్మకు ఆ ముక్క నచ్చలేదు, నాకూ నచ్చలేదు. సామాను వచ్చే వ్యాన్‌లోనే రా. మీ క్లబ్బులో ఇంకో ఇద్దరు ఆడపిల్లలున్నారుగా, ముగ్గురూ కలిసి మా ఇంటికైనా రండి, పడకలు వేసి ఉంచుతాను. మధ్యాహ్నం కడుపునిండా తిని పో, జనం వస్తే నీకు తిండి గుర్తుండదు.

నేనూ వస్తున్నాను. మోకాళ్ళ వల్ల ఎక్కువసేపు నిలబడలేను గానీ, ఐపీస్ పక్కన ఒక కుర్చీ వెయ్యి. చూసి లేచిన ప్రతి ఒక్కరినీ ఏం కనబడిందో నేను అడుగుతాను, ఆ పని నాకు వదిలెయ్యి. తేదీ మార్చాక ముందు నాకు చెప్పు, బస్సుకు రిజర్వేషన్ చేయించుకోవాలి.

మీ పెద్దమ్మ