పాత హార్డ్ డిస్కు టిక్ టిక్‌మనే చోటే మీ అమ్మాయి సబ్జెక్టు ఉంది

ప్రశ్న: నాకు ఒంగోలులో సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు రిపేరు చేసే షాపు ఉంది. మా అమ్మాయి ఈసీఈ మూడో ఏడాది. ఈ మధ్య ఎవరో ఇంజనీర్ల పేటెంట్ల జాబితా చూసింది. కొన్ని సెల్ నెట్‌వర్క్ మీద, కొన్ని హార్డ్ డిస్కు సెన్సర్ల మీద. అప్పట్నుంచి "నేనూ ఇలాంటివే చేస్తా నాన్నా" అంటోంది. వెబ్‌సైట్ల సాఫ్ట్‌వేర్ నేర్పే ఫుల్ స్టాక్ కోర్సులో చేరమంటే మొహం ముడుచుకుంటోంది. హార్డ్ డిస్కులా, మా షాపులోనే మూలన పడి ఉన్నాయి, అందరూ ఎస్‌ఎస్‌డీలు వేయించుకుంటున్నారు. 5జీ కూడా వచ్చేసింది. ఇంక కనిపెట్టడానికి ఏం మిగిలింది సార్? పైగా 12 వేలు కడితే పేటెంట్‌లో పేరు వేయిస్తామని కాలేజీలో ఎవరో చెప్పారట. కట్టమంటారా?

జవాబు: ముందు ఆ 12 వేల సంగతి తేల్చేద్దాం. కట్టకండి.

మన దేశంలో ఒక మనిషి సొంతంగా ఆన్‌లైన్‌లో పేటెంట్ దరఖాస్తు పెట్టుకుంటే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. తర్వాత పరిశీలించమని అడగడానికి ఇంకో 4,000. దరఖాస్తు రాసిపెట్టే ఏజెంట్ ఫీజు వేరే, అది నిజంగానే ఎక్కువ ఉంటుంది. కానీ మీ అమ్మాయికి చెప్పినవాళ్లు ఈ లెక్క మీద అడగడం లేదు. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందంటే, పదిమంది దగ్గర వసూలు చేసి ఒక దరఖాస్తు పెడతారు. మామూలుగా అది 18 నెలల తర్వాత పేటెంట్ జర్నల్‌లో వస్తుంది, ఇంకో ఫారం పెట్టి, ఫీజు కడితే ముందే వచ్చేస్తుంది. రాగానే "మీ పేటెంట్ పబ్లిష్ అయింది" అని కాగితం చేతిలో పెడతారు. ప్రచురణ అంటే ఫలానా దరఖాస్తు అందిందని చెప్పడమే. అందులో కొత్తదనం ఉందో లేదో అప్పటికి ఎవరూ తేల్చలేదు. ఇలాంటి రెజ్యుమేలు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి. "ఇందులో మొదటి క్లెయిమ్ ఏమిటమ్మా?" అని, అంటే కొత్తగా కనిపెట్టింది ఇదీ అని రాసుకున్న మొదటి వాక్యం ఏమిటని అడిగితే నేల చూపులు చూస్తారు. చేయని పనికి కనిపెట్టినవాళ్ల జాబితాలో పేరు పెట్టుకోవడం చట్టప్రకారమూ చెల్లదు.

ఇక హార్డ్ డిస్కు. మీ షాపులోంచి వెళ్లిపోయిన మాట నిజమే. వెళ్లింది డేటా సెంటర్లకి. మనం ఫోన్‌లో తీసి క్లౌడ్‌లోకి ఎక్కించే ఫొటోలు, వీడియోలు ఎక్కువగా కూర్చునేది ఇప్పటికీ హార్డ్ డిస్కులో తిరిగే పళ్లేల మీదే, ఎందుకంటే టెరాబైటుకు ఖర్చు వాటికే తక్కువ. 2024 జనవరిలో సీగేట్ 30 టెరాబైట్లు దాటిన డిస్కుల్ని ప్రకటించింది. వాటిలో రాసే చోటును ఓ బుల్లి లేజర్‌తో 400 డిగ్రీల పైకి వేడిచేసి, ఒకటి రెండు నానోసెకన్లలో చల్లార్చేస్తారు. మూలన పడేసే వస్తువు మీద ఎవరైనా ఇంత తాపత్రయం పడతారా?

మీకు ఒక సంగతి నా కంటే బాగా తెలుసు. పాడైన డిస్కుకు కరెంటు ఇస్తే టిక్, టిక్ అని కొట్టుకుంటుంది. కస్టమర్ మొహం చూసి "డేటా కష్టమండీ" అంటారు మీరు. ఆ చప్పుడు ఎక్కడిదంటే, ఫ్యాక్టరీలోనే పళ్లెం మీద దారి గుర్తులు రాసిపెడతారు, వాటిని సర్వో గుర్తులంటారు. డేటా చదివి, రాసే హెడ్డు ఒక చెయ్యి కొసన ఉంటుంది, అది వాటిని చదువుకుంటూ తానెక్కడ ఉందో తెలుసుకుంటుంది. అవి కనబడకపోతే ఆ చెయ్యిని వెనక్కి లాక్కుని మళ్లీ మొదట్నుంచి వెతుకుతుంది. వెతికిన ప్రతిసారీ ఒక టిక్. ఆ హెడ్డు పళ్లేనికి ఎంత ఎత్తులో ఎగురుతుందో తెలుసా? కొద్ది నానోమీటర్లు. తల వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు. హెడ్డులోనే చిన్న హీటరు ఉంటుంది. అది వేడెక్కితే హెడ్డు కొన కొంచెం ఉబ్బి పళ్లేనికి దగ్గరవుతుంది. మరీ దగ్గరై తాకితే వేడి మారుతుంది, వేడితోపాటు పక్కనున్న సన్నటి తీగ రెసిస్టెన్స్ మారుతుంది. దాన్ని పట్టుకుని "తగిలింది, వెనక్కి తగ్గు" అని చెప్పేదే ఒక సెన్సర్. సర్వర్ ర్యాకుల్లో పక్క డిస్కులు అదిరితే ఆ అదురును కొలిచి హెడ్డును సరిదిద్దే సెన్సర్లు వేరే ఉన్నాయి. మీ అమ్మాయి చూసిన "హార్డ్ డిస్కు సెన్సింగ్" పేటెంట్లు ఇలాంటి పనులవే అయుంటాయి.

అసలు చదివే సెన్సర్ చరిత్ర ఇంకా బాగుంటుంది. మొదటి హార్డ్ డిస్కు ఐబీఎం 1956లో తెచ్చింది. టన్ను బరువు, 24 అంగుళాల పళ్లేలు 50, పట్టేది నాలుగు మెగాబైట్ల లోపు, అంటే ఇప్పటి ఫోన్ ఫొటో ఒకటి. అప్పట్లో చదివేది చుట్టిన తీగ. బిట్లు చిన్నవయ్యేకొద్దీ ఆ తీగకు అందే సిగ్నల్ సన్నబడిపోయింది. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బెర్ ఫెర్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బెర్గ్ ఎవరికి వారే ఒక విచిత్రం గమనించారు. కొన్ని పరమాణువుల మందమున్న లోహపు పొరల్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తే, అయస్కాంత క్షేత్రాన్ని బట్టి రెసిస్టెన్స్ బాగా మారిపోతోంది. కాలిఫోర్నియాలోని ఐబీఎం ల్యాబ్‌లో స్టువర్ట్ పార్కిన్ ఆ పొరల్ని ఫ్యాక్టరీకి పనికొచ్చే చవక పద్ధతిలో వేయవచ్చని చూపించాడు. 1997 డిసెంబర్‌లో 16.8 జీబీ డెస్క్‌టాప్ డిస్కు ఆ హెడ్డుతో మార్కెట్లోకి వచ్చింది. తర్వాతి మెట్టుకు దారి వేసినవాళ్లలో ఒకరు మద్రాస్ ఐఐటీలో పీహెచ్‌డీ చేసి ఎంఐటీకి వెళ్లిన జగదీశ్ మూడెర. 1995లో మామూలు గది వేడిమిలోనే టన్నెల్ పొరలు, అంటే మధ్యలో కరెంటు పారని సన్నటి పొర ఉన్నా దాన్ని దాటి కరెంటు పోయేవి, పనిచేస్తాయని చూపించారు. ఇప్పటి హెడ్డుల్లో ఉన్నది ఆ రకమే. ఫెర్, గ్రూన్‌బెర్గ్‌లకు 2007లో నోబెల్ వచ్చింది. గ్రూన్‌బెర్గ్ తన ఫలితం అచ్చు వేయించేలోపే పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు. దీని సంగతి మళ్లీ చెప్తాను.

ఇప్పుడు సెల్‌ఫోన్‌కు వద్దాం. సెట్టింగ్స్‌లో సిగ్నల్ బలం −100 డీబీఎం అని కనిపిస్తుంటుంది కదా. అంటే ఒక వాటును పది లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఫోన్‌కు అందుతోందన్నమాట. ఇంజనీర్లు నాయిస్ అనే గోలలో పడి కొట్టుకుపోతున్న ఆ చిటికెడు సిగ్నల్‌లోంచి మాట లాగాలి. డిస్కు హెడ్డు పనీ ఇదే కదా!

మీ అమ్మాయి చూసిన జాబితాలో ఈ రెండూ పక్కపక్కన ఎందుకున్నాయో మీకు అర్థమయ్యే ఉంటుంది. పైకి సంబంధం లేని వస్తువులు, లోపల చేసే పని ఒకటే. 1967లో ఆండ్రూ విటర్బి ఒక పద్ధతి రాశాడు. లైను బాగాలేని ఫోన్‌లో సగం మాటలు వినపడకపోయినా వాక్యం మొత్తం చూసుకుని అవతలి మనిషి ఏమన్నాడో మనం పోల్చుకుంటాం కదా, అలాగే ఒక్కో బిట్‌ను విడిగా నమ్మకుండా మొత్తం వరసలో ఏది ఎక్కువ సాధ్యమో లెక్కగట్టే పద్ధతి. ఆయన తర్వాత సెల్‌ఫోన్ చిప్పుల కంపెనీ క్వాల్‌కామ్ స్థాపించినవాళ్లలో ఒకడయ్యాడు, ఆ లెక్క సెల్‌ఫోన్లలోకి వెళ్లింది. 1990లో ఐబీఎం అదే లెక్కను హార్డ్ డిస్కు చదవడానికి వాడింది. 1960ల్లో రాబర్ట్ గాలగర్ చెప్పిన, డేటాలో తప్పుల్ని సరిదిద్దే ఎల్‌డీపీసీ కోడ్లను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు 5జీ డేటాలోనూ ఉన్నాయి, డిస్కుల్లోనూ ఉన్నాయి. కాబట్టి "హార్డ్ డిస్కులు పోతే ఏం చేస్తుంది" అనే టెన్షన్ వదిలేయండి. ఆమె నేర్చుకోబోయేది వస్తువు తయారీ అయితే భయపడాల్సిందే. గోలలోంచి సిగ్నల్ తీయడం నేర్చుకుంటే, వస్తువు మారినా పని మారదు.

ఇందుకు నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆరోగ్యస్వామి పాల్‌రాజ్. తమిళనాడు మనిషి, భారత నౌకాదళంలో అధికారి. జలాంతర్గాముల్ని వినికిడితో పట్టే సోనార్ మన యుద్ధనౌకలకు తయారుచేశారు. నేవీ నుంచి బయటికొచ్చాక స్టాన్‌ఫర్డ్ వెళ్లి, అనేక యాంటెన్నాలతో ఒకేసారి వేర్వేరు డేటా పంపే ఆలోచనకు 1992లో అక్కడి ప్రొఫెసర్ థామస్ కైలాత్‌తో కలిసి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. అదే ఇవాళ మనం మైమో అంటున్నది. 4జీ, 5జీ ఏది తీసుకున్నా అందులో ఉంది. సముద్రంలో విన్న చెవి గాలిలోనూ పనికొచ్చింది.

డబ్బు సంగతీ చెప్పాలి, మీరు అడగకపోయినా తండ్రిగా మనసులో ఉంటుంది. విటర్బి తన పద్ధతిని పేటెంట్ చేయలేదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో అలెగ్జాండర్ కావ్‌చిచ్ అనే పీహెచ్‌డీ విద్యార్థి, ఆయన ప్రొఫెసర్ జోజె మౌరా అదే పద్ధతిని డిస్కుల కోసం మెరుగుపరిచారు. డిస్కులో గోల అన్నిచోట్లా ఒకేలా ఉండదు, పక్కన ఏం రాశామన్నదాన్ని బట్టి మారుతుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలన్నది వాళ్ల ఆలోచన. యూనివర్సిటీ పేటెంట్లు తీసుకుంది. మార్వెల్ అనే చిప్ కంపెనీ మీద వేసిన దావాలో 2012లో జ్యూరీ 117 కోట్ల డాలర్లు ఇవ్వాలంది, అప్పీళ్ల తర్వాత 2016లో 75 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఇలాంటివి వేలల్లో ఒకటి, మీ అమ్మాయికి ఇది ఆశగా చూపించకండి. మామూలుగా కంపెనీలో ఇంజనీర్ పేటెంట్ కంపెనీ పేరు మీద ఉంటుంది, ఇంజనీర్‌కు దక్కేది చిన్న బోనస్, పేరు, తర్వాతి ఉద్యోగంలో విలువ. నేను చూపించాలనుకున్నది వేరు. వాళ్లిద్దరూ కొత్త వస్తువేమీ తయారుచేయలేదు. పాత లెక్కలో అందరూ తోసేసిన ఒక చికాకును పట్టించుకున్నారు. పేటెంట్లలో చాలావరకు ఇలాంటివే.

"5జీ వచ్చేసింది కదా" అన్నారు. ఒక తరం టవర్లు ఎక్కేసరికే తర్వాతి తరం మీద ఇంజనీర్లు కూర్చుంటారు. అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ 6జీని ఐఎంటీ-2030 పేరుతో నడిపిస్తోంది. మన ప్రభుత్వమూ 2023లో భారత్ 6జీ పత్రం విడుదల చేసింది. 5జీ పరికరాలు పరీక్షించుకునే దేశీ టెస్ట్‌బెడ్‌ను 2022 మేలో ఎనిమిది సంస్థలు కలిసి తెచ్చాయి, అందులో ఐఐటీ హైదరాబాద్ ఒకటి. అక్కడే మొదలైన వైసిగ్ నెట్‌వర్క్స్ సెల్ నెట్‌వర్క్ చిప్ కూడా డిజైన్ చేసింది. క్వాల్‌కామ్‌కు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రమే ఉంది. హార్డ్ డిస్కు వైపు మాత్రం అవకాశాలు చాలా తక్కువ. ప్రపంచం మొత్తమ్మీద డిస్కులు చేసేది సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా, మూడే కంపెనీలు. హెడ్డుల అసలు పరిశోధన అమెరికా, జపాన్, ఉత్తర ఐర్లాండ్ లాంటి చోట్ల ఉంది. మన దగ్గర ఫర్మ్‌వేర్ (డిస్కు లోపలే ఉండే సాఫ్ట్‌వేర్), టెస్టింగ్ వైపు ఉద్యోగాలు దొరుకుతాయి. కాబట్టి ఉద్యోగానికి సెల్యులార్‌ను మొదటి గురిగా పెట్టుకోమనండి, డిస్కు దానంతట అది కలిసొస్తే వస్తుంది.

ఇప్పుడు చదువు. బీటెక్‌తో ఆగితే ఈ రంగంలో టెస్టింగ్ వరకు రానిస్తారు, ఆలోచించే గదిలోకి రానివ్వడం అరుదు. అందుకని ఎంటెక్ సీట్లకు పెట్టే గేట్ పరీక్ష రాయాల్సిందే, ఎలక్ట్రానిక్స్ పేపర్. ఎంటెక్ కంటే రీసెర్చ్ ఎంఎస్ దొరికితే ఇంకా మంచిది. ఏ సబ్జెక్టులు అంటే సిగ్నల్స్, ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, డిజిటల్ కమ్యూనికేషన్. డిస్కు మీద మోజు ఉంటే కంట్రోల్ సిస్టమ్స్ కూడా. ప్రాబబిలిటీని మన కాలేజీల్లో పాస్ మార్కుల కోసం దాటేస్తారు. నేనూ ఈసీఈయే, నేనూ దాటేశాను, పదేళ్ల తర్వాత కూర్చుని చదువుకోవాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో ఎన్‌పీటీఎల్ పాఠాలు ఉచితమే, ఐఐటీ మాస్టార్లే చెబుతారు.

ఫుల్ స్టాక్ వద్దంది సరే, ప్రోగ్రామింగ్ మాత్రం వద్దనకూడదు. సి, పైథాన్ రాకుండా ఈ పని అవదు. విటర్బి డీకోడర్‌ను తనే పైథాన్‌లో రాయమనండి, వారం పడుతుంది, కానీ రెజ్యుమేలో ఆ 12 వేల కాగితం కంటే బరువుంటుంది. రెండు మూడు వేలకు దొరికే చిన్న రేడియో డాంగిల్ కొనిచ్చి ఎఫ్‌ఎం పట్టుకోమనండి. వినడం వరకే, లైసెన్సు లేకుండా ప్రసారం జోలికి పోకూడదు.

ఇంకొకటి, మీ షాపు ఉందే, అది ఏ కాలేజీలోనూ లేని ల్యాబ్. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి స్మార్ట్ అనే లెక్కలు రాసుకుంటుంది: పాడైన సెక్టార్లు (డేటా రాసే గళ్లు) ఎన్ని మార్చింది, ఎంత వేడెక్కింది, ఎన్నిసార్లు దారి తప్పింది. కస్టమర్‌ను అడిగి, వాళ్ల ఫైళ్లు ముట్టుకోకుండా, వచ్చిన ప్రతి డిస్కులోంచీ ఆ అంకెలు మాత్రం రాసిపెట్టుకుంటే ఏడాదిలో మంచి ప్రాజెక్టు అవుతుంది. పోల్చుకోవడానికి బ్యాక్‌బ్లేజ్ అనే నిల్వ సంస్థ తన వేలాది డిస్కుల మీద 2013 నుంచి రాసుకున్న లెక్కలు అందరికీ ఉచితంగా ఇస్తోంది.

నిజంగా ఏదైనా కొత్త ఆలోచన తడితే, గ్రూన్‌బెర్గ్ చేసినట్టు, ముందు దరఖాస్తు, తర్వాతే పేపరు. కాన్ఫరెన్స్‌లో చెప్పేసినా, యూట్యూబ్‌లో పెట్టేసినా తర్వాత పేటెంట్ చేతికి రావడం కష్టం. సగం తయారైన ఆలోచనకు ప్రొవిజనల్ దరఖాస్తు పెట్టుకోవచ్చు, పూర్తిది ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. మన చట్టంలో ఉట్టి అల్గారిథంకు పేటెంట్ రాదు, అది ఏ పరికరంలో ఏ ఇబ్బంది తీరుస్తుందో చూపించాలి. ఈలోగా వారానికి ఒక పాత పేటెంట్ చదవమనండి. చివర్న ఉండే క్లెయిములతో మొదలుపెట్టి వెనక్కి రావాలి, లేకపోతే పది పేజీల్లోనే నిద్రొస్తుంది.

క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే వద్దనమని నేను చెప్పను. ఆఫర్ చేతిలో ఉంచుకుని ఫిబ్రవరిలో గేట్ రాయొచ్చు. సీటు వచ్చాక అప్పుడు చూసుకోవచ్చు.

మీ ఉత్తరంలో ఒకటి రాయలేదు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఆమెకు నచ్చిందా? మార్కులు వద్దు, నచ్చిందా లేదా అన్నదే అడిగి నాకు రాయండి.